శోభి మందుకు లొంగని గోధుమరంగు మచ్చలు: కార్ప్ నిర్ధారణ, చికిత్స

ఎదురొమ్ము మధ్యలో నాలుగైదు గోధుమరంగు చుక్కలతో మొదలవుతుంది. కొన్ని నెలల్లో పొట్ట పైభాగానికి, మెడకి, రెండు భుజాల నడుమ వీపుకి పాకుతుంది. నొప్పి ఉండదు. దురద ఉన్నా నామమాత్రం. గోటితో గీరితే సన్నటి పొట్టు లేస్తుంది. పదిహేను, ఇరవై ఏళ్ల వయసులో ఇలాంటి మచ్చలు కనిపిస్తే ఎవరి నోటికైనా ముందు వచ్చే మాట శోభి, అంటే చర్మం మీద శిలీంధ్రంతో వచ్చే మచ్చలు. చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది కూడా. కానీ శోభి క్రీము ట్యూబు అయిపోయి, షాంపూ పూత పూర్తయి, మాత్రలు మింగినా మచ్చలు ఉన్నచోటే ఉన్నాయంటే, మందు మార్చే ముందు రోగం పేరు సరైనదేనా అని ఒకసారి చూడాలి. అలాంటప్పుడు గుర్తుకు రావలసిన పేర్లలో మొదటిది కన్‌ఫ్లుయెంట్ అండ్ రెటిక్యులేటెడ్ పాపిల్లోమటోసిస్. వైద్యులు పొట్టిగా కార్ప్ అంటారు. 1927లో దీన్ని వర్ణించిన ఇద్దరు ఫ్రెంచ్ చర్మవైద్యుల పేర్లతో గుజెరో–కార్తో వ్యాధి అని కూడా పిలుస్తారు.

ఇది అంటువ్యాధి కాదు, క్యాన్సర్‌గా మారదు, లోపలి అవయవాల జోలికి పోదు. అరుదైనదని పుస్తకాలు చెబుతాయి. అయితే శోభి లెక్కలో కలిసిపోయే కేసులు ఉన్నంతకాలం ఆ అరుదు ఎంత అరుదో చెప్పడం కష్టం.

పేరులోనే ఉన్న ఆనవాలు

నోరు తిరగని ఆ పేరును విడదీస్తే మచ్చలను ఎలా చూడాలో తెలుస్తుంది. మొదటి మాటకు అర్థం, మచ్చలు మధ్యలో ఒకదానితో ఒకటి కలిసి ఒకే పలకగా మారడం. రెండో మాట, అంచులకు వచ్చేసరికి ఆ పలక విడిపోయి వల అల్లినట్టు కనిపించడాన్ని చెబుతుంది. మూడోది, చర్మం పైపొర సన్నటి బుడిపెలుగా పైకి లేవడం. ఒక్కో బుడిపె 1 నుంచి 5 మిల్లీమీటర్లకు మించదు. వేలితో తడిమితే సన్నని గరుకు కాగితంలా తగులుతుంది.

అందుకే కన్ను పెట్టవలసింది మచ్చ నడుమ కాదు, అంచు మీద. నడిభాగం చూస్తే శోభి, అకాంథోసిస్ నైగ్రికాన్స్ (మెడ, చంకల మడతల్లో చర్మం నల్లగా మారడం), ఒట్టి మురికి అన్నీ ఒకేలా ఉంటాయి. వల అల్లిక అంచులోనే బయటపడుతుంది. గదిలో నేరుగా మీద పడే దీపం కన్నా పక్కనుంచి వాలుగా పడే వెలుతురు మంచిది. బుడిపెల నీడలు పడి గరుకుదనం కంటికి ఆనుతుంది. డెర్మోస్కోప్ (చర్మాన్ని పెద్దదిగా చూపే చేతి పరికరం) అందుబాటులో ఉంటే సన్నని తెల్ల పొట్టు, రాళ్లు పరిచిన బాటలా గోధుమరంగు గడ్డలు, వాటి మధ్య గాడులు కనిపిస్తాయి. అది నిర్ధారణకు సాయమే తప్ప రుజువు కాదు.

రెండు చవకైన పరీక్షలు

కార్ప్ నిర్ధారణలో ఎక్కువ బరువు మోసేవి ఖరీదైన పరీక్షలు కావు. ఒక స్పిరిట్ దూది, ఒక గాజు స్లైడు. రెండూ కలిపి పావుగంట పని.

స్పిరిట్ దూది సంగతి ముందు. టెర్రా ఫర్మా-ఫార్మ్ డెర్మటోసిస్ అనే మరో నిరపాయకరమైన స్థితి ఉంది. 1987లో వర్ణించారు. రోజూ స్నానం చేసేవారికే మెడ మీద, ఛాతీ మీద, చీలమండల దగ్గర మట్టి పట్టినట్టు గోధుమరంగు పొర ఏర్పడుతుంది. సబ్బు, నీళ్లు ఎంత వాడినా పోదు. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో కాస్త గట్టిగా తుడిస్తే మాత్రం దూది గోధుమరంగులోకి మారి, కింద మామూలు చర్మం బయటపడుతుంది. రాలిపోవలసిన మృతకణాలు నూనెతో, మెలనిన్‌తో కలిసి గట్టిపడి ఉండిపోవడమే దీని మూలం. ఇక్కడ పరీక్షా చికిత్సా ఒక్కటే. కార్ప్ మచ్చ అలా పోదు. పైపై పొట్టు కొంచెం ఊడవచ్చు, రంగూ గరుకుదనం ఉండిపోతాయి. ఒక్క నిమిషం పట్టే ఈ తుడుపు చేయనందువల్ల కొందరు పిల్లలు ముక్క పరీక్ష (బయాప్సీ) దాకా వెళ్తారు.

రెండోది పొటాషియం హైడ్రాక్సైడ్ స్లైడు. స్పిరిట్‌తో తుడిచిన చోట కాకుండా వేరే మచ్చ నుంచి పొట్టు తీయాలి, లేదంటే రావలసిన పొట్టు దూదికే పోయి ఉంటుంది. 15వ నంబరు బ్లేడును చర్మానికి నిలువుగా పట్టుకుని మచ్చ అంచున సున్నితంగా గీకి, రాలిన పొట్టును స్లైడు మీదకు తీసుకుంటారు. దాని మీద 10 నుంచి 20 శాతం ద్రావణం ఒకటి రెండు చుక్కలు వేసి, కవర్‌స్లిప్ పెట్టి, మంట మీద అలా అలా తిప్పుతారు. మరిగితే స్ఫటికాలు ఏర్పడి స్లైడు పాడవుతుంది. ఐదు నుంచి పది నిమిషాలు ఆగితే కెరటిన్ కరిగి కణాలు పారదర్శకమవుతాయి. మైక్రోస్కోపులో ముందు 10 రెట్ల, తర్వాత 40 రెట్ల కటకంతో చూడాలి, కండెన్సర్ దించి వెలుతురు తగ్గించి. వెలుతురు ఎక్కువైతే శిలీంధ్రం కళ్ల ముందే ఉన్నా కనపడదు.

శోభి అయితే గుండ్రటి ఈస్ట్ కణాల గుత్తులు, వాటి మధ్య పొట్టి పొట్టి తంతువులు కలిసి కనిపిస్తాయి. చూపు తంతువుల మీదే ఉండాలి. శోభికి కారణమైన మలస్సీజియా అనే ఈస్ట్ ఆరోగ్యవంతుల చర్మం మీద కూడా నివాసం ఉంటుంది. స్లైడులో నాలుగు గుండ్రటి కణాలు కనపడగానే శోభి అని రాసేస్తే, కార్ప్ రోగి మరో రెండు నెలలు యాంటీఫంగల్ (శిలీంధ్రాన్ని చంపే మందు) వాడుతూ కూర్చుంటాడు. తంతువులు ఉంటేనే అది వ్యాధి. ఈ ఈస్ట్‌ను కల్చర్ చేయించడం వల్ల ఒరిగేదీ పెద్దగా లేదు. నూనె కలిపిన ప్రత్యేక మాధ్యమంలో తప్ప పెరగదు, పెరిగినా వ్యాధి ఉన్నట్టు కాదు.

తంతువులు ఉండి కూడా కనపడని సందర్భాలూ ఉన్నాయి. ముందురోజు దాకా యాంటీఫంగల్ క్రీము రాసినా, చాలినంత పొట్టు తీయకపోయినా, చర్మం మీద ఆయింట్‌మెంట్ జిడ్డు ఉన్నా స్లైడు ఖాళీగా కనిపించవచ్చు. పూత మందులు రెండు వారాలు ఆపించి, రెండు మూడు వేర్వేరు మచ్చల నుంచి పొట్టు తీసి చూసిన తర్వాతే ఖాళీ స్లైడును నమ్మాలి. ఉడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం కింద శోభి పసుపు బంగారు వన్నెలో మెరుస్తుందంటారు. అన్ని శోభి మచ్చలూ మెరవవు, కాబట్టి మెరుపు లేకపోవడం దేన్నీ తేల్చదు.

మందు పనిచేయలేదా, రంగు మాత్రమే మిగిలిందా?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. శోభి నయమయ్యాక కూడా మచ్చల రంగు వారాలు, ఒక్కోసారి నెలలు ఉండిపోతుంది. శిలీంధ్రం చచ్చినా చర్మం తన రంగు తిరిగి తెచ్చుకోవడానికి సమయం తీసుకుంటుంది. మచ్చ పోలేదు కాబట్టి మందు పనిచేయలేదని, మందు పనిచేయలేదు కాబట్టి కార్ప్ అని లెక్క కడితే బోల్తా పడినట్టే.

తేడా తేల్చేది పొట్టు. మచ్చ మీద చర్మాన్ని రెండు వేళ్లతో సాగదీయాలి, లేదా గోటితో ఒక్కసారి గీకాలి. నయమైన శోభిలో పొట్టు లేవదు, చర్మం నున్నగా ఉంటుంది, మిగిలింది రంగు మాత్రమే. కార్ప్‌లో పొట్టు లేస్తుంది, గరుకుదనం అలాగే ఉంటుంది. యాంటీఫంగల్ పూర్తి మోతాదులో వాడాక కూడా గరుకుగా పొట్టు లేస్తూ, స్లైడులో తంతువులు లేకుంటే అప్పుడు అనుమానం బలపడుతుంది.

మరో చిక్కు ఉంది. కార్ప్ ఉన్న చర్మం మీదే మలస్సీజియా కాస్త ఎక్కువగా పెరిగి ఉంటే యాంటీఫంగల్‌తో కొంత మెరుగుదల వస్తుంది, తర్వాత అక్కడే ఆగిపోతుంది. సగం తగ్గింది కదా అని అదే మందును పొడిగించడం మామూలుగా జరిగే పొరపాటు.

ప్రమాణాలు, వాటిలోని మెలిక

2006లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 39 మంది రోగుల వివరాలు పరిశీలించి ఐదు ప్రమాణాలు ప్రతిపాదించారు. పొట్టుతో కూడిన గోధుమరంగు మచ్చల్లో కొంతభాగమైనా వలలా, బుడిపెలుగా ఉండాలి. మొండెం పైభాగం, మెడ ప్రభావితం కావాలి. పొట్టులో శిలీంధ్రం కనపడకూడదు. యాంటీఫంగల్‌కు స్పందించకూడదు. మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌కు బాగా స్పందించాలి.

చూడగానే ఒక సంగతి తట్టాలి. ఐదింటిలో చివరి రెండూ చికిత్స అయ్యాక గానీ తేలవు. అంటే రోగి మొదటిసారి ఎదుట కూర్చున్నప్పుడు నిర్ధారణ ఎప్పుడూ సగమే, మిగతా సగం మందు చెబుతుంది. పరిశోధనకు ఈ పద్ధతి బాగానే ఉంటుంది. క్లినిక్‌లో దీన్ని అక్షరాలా పాటించి, స్లైడు స్పష్టంగా ఖాళీగా ఉన్నా, అంచున వల అల్లిక కనిపిస్తున్నా, కేవలం నాలుగో ప్రమాణం కోసం నెలరోజులు యాంటీఫంగల్ వాడించడంలో అర్థం లేదు. అలాగని స్లైడు చూడకుండా నేరుగా ఐదో ప్రమాణానికి దూకడం అంతకన్నా తప్పు. మినోసైక్లిన్‌కు తగ్గింది కాబట్టి కార్ప్ అనే తర్కం పూర్తిగా నిలవదు. ప్రురైగో పిగ్మెంటోసా అనే వేరే వ్యాధి కూడా వలలాంటి మచ్చలు వదులుతుంది, అదీ మినోసైక్లిన్‌కు తగ్గుతుంది. దానిలో మచ్చలకు ముందు ఎర్రటి, బాగా దురదపెట్టే బుడిపెలు విడతలు విడతలుగా వస్తాయి. కఠినమైన కీటో ఆహారం మొదలుపెట్టినవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. ఆ రెండు ప్రశ్నలు అడిగితే చాలావరకు తేలిపోతుంది.

ముక్క పరీక్ష ఎప్పుడు?

బయాప్సీలో కార్ప్ చూపించేవి పైపొర మందం కావడం, చిన్న చిన్న శిఖరాలుగా లేవడం, అడుగు పొరలో రంగు కాస్త పెరగడం, పై రక్తనాళాల చుట్టూ కొద్దిపాటి లింఫోసైట్లు (ఒక రకం తెల్లరక్తకణాలు). అకాంథోసిస్ నైగ్రికాన్స్ కూడా దాదాపు ఇదే చూపిస్తుంది. కాబట్టి ముక్క పరీక్ష కార్ప్ అని తేల్చదు. కానిది ఏమిటో తేల్చడానికే అది పనికొస్తుంది. డేరియర్ అనే జన్యు చర్మవ్యాధిలో కణాలు ఒకదాన్నొకటి వదిలేయడం, చర్మంలో ప్రోటీన్ పేరుకునే అమిలాయిడోసిస్‌లో కాంగో రెడ్ రంగు పట్టే నిక్షేపాలు స్పష్టంగా కనిపిస్తాయి.

తీయాల్సి వస్తే ఛాతీ నడుమ నుంచి తీయకూడదు. కీలాయిడ్లు సులువుగా లేచే చోటు అది. చెడు చేయని మచ్చను పరీక్షించబోయి జన్మంతా ఉండే ఉబ్బెత్తు మచ్చను బహుమతిగా ఇచ్చినట్టవుతుంది. పొట్ట పైభాగంలో మచ్చ ఉంటే అక్కడి నుంచి 3 లేదా 4 మిల్లీమీటర్ల పంచ్ (గుండ్రటి చిన్న ముక్క) చాలు. శిలీంధ్రం కోసం పీఏఎస్ రంగు వేయమని, అనుమానం కార్ప్ అని కాగితం మీద రాసి పంపాలి. రాయకపోతే తిరిగి వచ్చే నివేదికలో సాధారణ మార్పులు అన్న రెండు మాటలే ఉంటాయి.

అకాంథోసిస్ నైగ్రికాన్స్‌ది ప్రత్యేకమైన గొడవ. మెడ, చంకల్లో రెండూ కలిసి ఉండవచ్చు. అది మడతల్లో ముఖమల్‌లా మెత్తగా, నల్లగా ఉంటుంది. కార్ప్ మడతల బయట, పొట్టుతో, వలగా ఉంటుంది. బరువు ఎక్కువ ఉన్నవారిలో ఖాళీ కడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు) చూడడం మంచిది. ఇన్సులిన్ నిరోధకత, ఊబకాయం కార్ప్‌తో కూడా ముడిపడి కనిపిస్తాయి. చంకలు, గజ్జల్లోనే వల ఉండి నోటి చుట్టూ గుంటలుపడ్డ చిన్న మచ్చలు కనిపిస్తే డౌలింగ్–డెగోస్ అనే జన్యు చర్మవ్యాధి వైపు చూడాలి. గోళ్ల మీద ఎరుపు, తెలుపు నిలువు చారలు ఉంటే డేరియర్. ఇక మెడ మీద వలలాంటి రంగుతో పాటు గోళ్లు పలచబడి చీలిపోతూ, నోటిలో తెల్లటి పొరలు కూడా ఉంటే అది నిరపాయకరమైన జాబితాలోది కాదు. డిస్కెరటోసిస్ కంజెనిటా అనే జన్యువ్యాధి ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. అందుకే ఛాతీ మీద మచ్చలతో వచ్చినవారి గోళ్లు, నోరు కూడా ఒకసారి చూడాలి.

ఎందుకు వస్తుంది, యాంటీబయాటిక్ ఎందుకు పనిచేస్తుంది?

చర్మం పైపొర కణాలు పరిణతి చెంది రాలిపోయే క్రమం గాడి తప్పడమే దీని మూలమని ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఆ గాడి ఎందుకు తప్పిందన్న దగ్గరే అభిప్రాయాలు వేరవుతాయి. మలస్సీజియాకు చర్మం అతిగా స్పందించడం అని కొంతకాలం భావించారు. 2005లో ఒక రోగి చర్మం నుంచి డైట్జియా జాతి బ్యాక్టీరియాను వేరుచేశారు, దానికి తర్వాత డైట్జియా పాపిల్లోమటోసిస్ అని పేరు పెట్టారు. యాంటీబయాటిక్‌లకు తగ్గుతుంది కాబట్టి బ్యాక్టీరియానే దోషి అనుకోవడం సులభం. కానీ మినోసైక్లిన్ లాంటి టెట్రాసైక్లిన్ జాతి మందులు సూక్ష్మజీవులను అడ్డుకోవడంతో ఆగవు. తెల్లరక్తకణాల కదలికను, వాపును పెంచే రసాయనాలను కూడా తగ్గిస్తాయి. మొటిమలలో వాటిని వాడడానికి ఒక కారణం అదే. కార్ప్‌లో పనిచేసేది ఏ గుణమో ఇంకా తేలలేదు.

చికిత్స

మొదటి ఎంపిక మినోసైక్లిన్. పెద్దలకు 50 నుంచి 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 6 నుంచి 12 వారాలు. ముందు తగ్గేది గరుకుదనం, తర్వాత పొట్టు, చివర్లో రంగు. ఈ వరుస రోగికి ముందే చెప్పకపోతే రంగు పోలేదని మూడో వారంలో మాత్రలు మానేస్తారు. మొదటిరోజు, ఆపైన నెలకోసారి ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి ఫోటో తీసి పెట్టుకుంటే మార్పు జ్ఞాపకం మీద ఆధారపడదు.

మాత్ర వేసుకునే తీరులో పొరపాటు జరిగితే మంచి మందు కూడా విఫలమవుతుంది. ఐరన్, క్యాల్షియం, జింక్ మాత్రలు, అసిడిటీకి తాగే యాంటాసిడ్లు కడుపులో ఈ మందును పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వవు. వాటికీ దీనికీ కనీసం రెండు మూడు గంటల ఎడం ఉండాలి. నిండు గ్లాసు నీళ్లతో, కూర్చునో నిలబడో మింగి, అరగంట దాకా పడుకోకూడదు. అన్నవాహికలో చిక్కుకుంటే పుండు పడుతుంది, డాక్సీసైక్లిన్‌తో మరీను.

8 ఏళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు ఈ జాతి మందులు ఇవ్వరు. పళ్లకు, ఎముకలకు రంగు పడుతుంది. మినోసైక్లిన్‌తో కళ్లు తిరగడం మామూలే. తలనొప్పితో పాటు చూపు మసకబారడం, జ్వరంతో ఒళ్లంతా దద్దుర్లు, కొత్తగా కీళ్లనొప్పులు, కళ్లు పచ్చబడడం, వీటిలో ఏది కనిపించినా మాత్ర ఆపేసి వెంటనే వైద్యుణ్ని కలవాలి. ఎక్కువకాలం వాడితే చర్మానికే నీలిబూడిద రంగు పట్టవచ్చు. రంగు పోవడానికి వేసుకున్న మందే రంగు పెట్టడం ఎవరికీ నచ్చదు కాబట్టి ఏళ్ల తరబడి కొనసాగించరాదు.

మినోసైక్లిన్ పడనివారికి డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తారు. దానితో ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. టెట్రాసైక్లిన్ జాతి అసలు కుదరనివారికి అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములు వారానికి మూడురోజులు, కొన్ని వారాలపాటు. గుండె లయ సమస్యలు ఉన్నవారికి, ఈసీజీలో క్యూటీ నిడివిని పెంచే ఇతర మందులు వాడేవారికి అది ఇచ్చే ముందు ఆలోచించాలి. గర్భిణులలో అన్నిటికన్నా మంచి మార్గం కాన్పు అయ్యేదాకా ఆగడమే, ఎందుకంటే ఆగడంవల్ల నష్టమేమీ లేదు.

పూత మందులు ఒక్కటే సరిపోవడం తక్కువ, తోడుగా మాత్రం ఉపయోగపడతాయి. 10 నుంచి 20 శాతం యూరియా, లేదా 12 శాతం ల్యాక్టిక్ ఆమ్లం ఉన్న లోషన్ పొట్టును మెత్తబరుస్తుంది. అడాపలీన్ 0.1 శాతం లేదా ట్రెటినోయిన్ 0.025 శాతం రాత్రి విడిచి రాత్రి, పలచగా మొదలుపెట్టాలి. తొందరపడి రోజూ రాస్తే ఛాతీ చర్మం మండి, ఆ మంట చల్లారాక కొత్త నల్లమచ్చ మిగులుతుంది. గర్భిణులు వీటికీ దూరంగా ఉండాలి. దేనికీ లొంగని కొద్దిమందిలో ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడతారు. గర్భస్థ శిశువుకు అది తీవ్రమైన హాని చేస్తుంది. టెట్రాసైక్లిన్ జాతి మందులతో కలిపి ఇస్తే మెదడు చుట్టూ ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది, కాబట్టి ఒకటి పూర్తిగా ఆపాకే మరొకటి.

చేయకూడనివి చెప్పుకుంటే, పీచుతో గట్టిగా రుద్దడం మొదటిది. రాపిడికి చర్మం ఇంకా మందమవుతుంది. స్టెరాయిడ్ కలిసిన మిశ్రమ క్రీములు చర్మాన్ని పలచబరిచి, ఒకవేళ అడుగున నిజంగా శిలీంధ్రం ఉంటే దాన్ని పెంచుతాయి. రంగు తగ్గించే క్రీములూ వద్దు. కార్ప్ నలుపులో ఎక్కువభాగం పేరుకున్న పైపొరదే, ఆ పొర అలాగే ఉండగా మెలనిన్ మీద పోరాటం దండగ.

ఎనిమిది, పన్నెండు వారాలైనా కదలిక లేకపోతే మోతాదు పెంచే ముందు మాత్రలు ఎలా వేసుకున్నారో అడగాలి, పొట్టు మళ్లీ స్లైడు మీదకు ఎక్కించాలి, అప్పటికీ తేలకపోతే ముక్క పరీక్ష. తగ్గినవారిలో కూడా మందు ఆపిన కొన్ని నెలలకు మచ్చలు తిరిగి రావడం తరచుగా జరుగుతుంది. మళ్లీ అదే కోర్సు చాలావరకు పనిచేస్తుంది. బరువు ఎక్కువ ఉన్నవారిలో బరువు తగ్గడంతోనే మచ్చలు వెనక్కి తగ్గిన సందర్భాలున్నాయి. మచ్చలు ఇబ్బంది పెట్టనివారు ఏమీ వాడకుండా వదిలేసినా తప్పు లేదు, హాని చేయనిదానికి యాంటీబయాటిక్ అనేది రోగి కోరికే తప్ప వైద్య అవసరం కాదు. తిరిగి వచ్చిన మచ్చలకు మాత్రం పాత చీటీ మీదే మాత్రలు కొనకుండా మరోసారి పొట్టు తీయించాలి. ఒకసారి కార్ప్ వచ్చిన ఒంటికి శోభి రాకూడదన్న నియమమేమీ లేదు.